ఏడు పెంకులు, మూడు సూత్రాలు

మా గ్రౌండులో ఆడే పిల్లల్ని ఎందుకు ఆడుతున్నారని ఎవరూ అడగరు. బెల్లు కొట్టగానే ఎనిమిదో తరగతి మగపిల్లలు చెప్పులు గోడవారగా విడిచేసి కబడ్డీ కోర్టులోకి దూకుతారు. ఆడపిల్లలు ఖోఖో పోలు దగ్గర వంతుల కోసం పోట్లాడుకుంటారు. దానివల్ల వాళ్ళకి ఏమొచ్చింది, లెక్కల్లో మార్కులు పెరిగాయా అని హెడ్మాస్టరుగారు గానీ తల్లిదండ్రులు గానీ నన్ను నిలదీసింది లేదు. ఆడుకునే వయసు, ఆడుకుంటున్నారు, అంతే. ఒక్క పిల్లవాడి విషయంలో మాత్రం ఆ ప్రశ్న అందరి నోటా వింటున్నాను. వాడికి ఆటిజం ఉంది. వాడు బంతి పట్టుకుంటే దానివల్ల చూపు కుదురుతుందా అంటారు. గీత మీద నడిస్తే బుద్ధి నిలుస్తుందా అంటారు. వాళ్ళమ్మ మిరపకోతల నుంచి నేరుగా బడికొచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా గేటు దగ్గరే నిలబడి, "మేడం, ఈ ఆటలవల్ల వాడికి మాటలొస్తాయా?" అని అడిగింది.

ఆ తల్లి అడగక ఎవరు అడుగుతారు? కూలి మానుకుని ఆస్పత్రుల చుట్టూ తిరిగిన మనిషి. ఎక్కడికి వెళ్ళినా దీనివల్ల ఇంత లాభం అని చెప్పే పంపించారు. అయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మిగతా పిల్లలందరికీ ఆట ఊరికే దక్కుతుంటే, ఈ ఒక్కడు మాత్రం ఆడిన ప్రతి ఆటకీ ఫలం చూపించాలా? అది ధర్మమేనా?

నేను పల్నాడులో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. యూనివర్సిటీ జట్టులో ఖోఖో ఆడినదాన్ని. మా నాన్నగారు తెలుగు పండితులు. సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని భాగవతం చదివి పదిమందికి అర్థం చెప్పేవారు. ఆయన పోయాక పొలం అన్నయ్యకీ, పుస్తకాలు నాకూ వచ్చాయి. వాటిలో బ్రహ్మసూత్రాల శాంకరభాష్యానికి తెలుగు తాత్పర్యం ఒకటుంది. వేదాంతం చదువుకున్నదాన్ని కాను. నాన్నగారు పెన్సిలుతో గీతలు గీసిన చోట్లే ముందు చదువుతాను. రెండో అధ్యాయం మొదటి పాదంలో 32, 33, 34 సూత్రాల దగ్గర ఆయన గీసిన గీతలు చూశాక, గేటు దగ్గర ఆ తల్లి అడిగిన ప్రశ్న చాలా పాతదని తెలిసింది.

32వ సూత్రం ఒక ఆక్షేపణ. ఈశ్వరుడు సృష్టి చేశాడంటారే, ఎందుకు చేశాడు? తెలివున్నవాడెవడూ ప్రయోజనం లేకుండా ఏ పనీ చేయడు. ప్రయోజనం ఉందంటే ఆయనకేదో కొరత ఉన్నట్టు. లేదంటే అసలు పనికే పూనుకోడు. ఇక్కడ ఆక్షేపించేవాడు మరో మాట కూడా అంటాడు: ప్రయోజనం లేకుండా పనికి పూనుకునేవాడు లోకంలో పిచ్చివాడు ఒక్కడే, సర్వజ్ఞుడైన ఈశ్వరుణ్ణి అలా అనగలమా? ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా బడిలోని ఆ పిల్లవాడు ప్రార్థన సమయంలో ముందుకూ వెనక్కూ ఊగుతూ ఉంటాడు. వేళ్ళు కళ్ళ ముందు పెట్టుకుని ఆడిస్తాడు. బడి ముందు నుంచి పోయేవాళ్ళు చూసి అనే మాట ఇదే.

33వ సూత్రం దానికి జవాబు. లోకంలో లాగే ఇది కేవలం లీల అంటారు సూత్రకర్త బాదరాయణులు. భాష్యంలో శంకరులు రెండు ఉదాహరణలు ఇచ్చారు. కోరికలన్నీ తీరిన ఒక రాజో మంత్రో విహారస్థలాల్లో ఆటలాడతాడు, ఏదో సంపాదించాలని కాదు. రెండోది ఊపిరి. ఉచ్ఛ్వాస నిశ్వాసలు బయటి ప్రయోజనం దేన్నీ ఉద్దేశించకుండా వాటంతట అవే సాగుతాయి. ఇంకో మాట కూడా ఆయన దాచలేదు: లోకంలోని ఆటల్లో వెతికితే ఏదో సూక్ష్మమైన ప్రయోజనం కనబడవచ్చు, ఈశ్వరుడి లీలలో అదీ దొరకదు. నిజమే. ఆడితే ఒళ్ళు గట్టిపడుతుంది, ఆకలేస్తుంది, నిద్ర పడుతుంది. పీఈటీని, నేను కాదంటానా? కానీ కబడ్డీ కోర్టులోకి దూకే పిల్లవాడు నిద్ర పట్టడం కోసం దూకడు.

పిచ్చివాడి చేష్ట అని ఆక్షేపించినవాడికి, ఆట అనీ ఊపిరి అనీ ఆచార్యులు జవాబు చెప్పారు. ఆ జవాబు ఈశ్వరుడి గురించి చెప్పింది. దాన్ని మా గ్రౌండులోకి తెచ్చుకునే అధికారం నాకు ఉందో లేదో పండితులు చెప్పాలి. నేను మాత్రం తెచ్చుకున్నాను. అప్పటినుంచి వాడు ఊగుతుంటే ఆపమని ఎవరినీ చెప్పనివ్వడంలేదు.

వాడు ఆరో తరగతిలో మా బడికి వచ్చాడు. సన్నగా, వయసుకి మించిన పొడుగు. మునివేళ్ళ మీద నడుస్తాడు. మాటలు కొద్ది. విన్నమాటని విన్నట్టే మళ్ళీ పలుకుతాడు. నేను మైకులో "ఆరో తరగతి విద్యార్థులు లైనులో నిలబడాలి" అన్న మాటని నా గొంతుతోనే, నా విసుగుతోనే, ఇంట్లో అన్నం ముందు కూర్చుని కూడా అంటాడట. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఉంది. వారంలో కొన్ని రోజులు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉన్న భవిత కేంద్రానికి వెళతాడు. అక్కడి ఐఈఆర్టీ టీచరు చాలా ఓపికైన మనిషి, నాకు తెలిసిన పద్ధతుల్లో సగం ఆమె దగ్గర నేర్చుకున్నవే.

డ్రిల్ పీరియడు వాడికి ఎలా ఉంటుందో ఒక్కసారి వాడి వైపు నుంచి చూడాలి. ముందు విజిల్. గింజ ఉన్న విజిల్ మోత మనకి పిలుపు, వాడికి చెవిలో పోటు. వింటూనే చెవులు మూసుకుని ఎక్కడున్నవాడు అక్కడే కూలబడతాడు. నేను విజిల్ జేబులో పెట్టి ఆకుపచ్చ జెండా ఎత్తడం మొదలుపెట్టాను. మిగతా పిల్లలు దానికి ఇట్టే అలవాటుపడ్డారు, పైగా జెండా కోసం కళ్ళు ఇటే ఉంచడంవల్ల వాళ్ళ మధ్య కబుర్లు తగ్గాయి. ఇక నా ఖోఖో. నేను ప్రాణంగా ఆడిన ఆట, వాడికి అంతకంటే కష్టమైన ఆట మరొకటి లేదు. అటు తిరిగి కూర్చోవాలి. వెనకనుంచి ఎవరో వచ్చి వీపు తట్టి చెవి పక్కన "ఖో" అని అరుస్తారు. ఎప్పుడు వస్తారో తెలియదు. హఠాత్తుగా తాకడం, హఠాత్తుగా అరవడం, ఈ రెండింటికీ బెదిరిపోయే పిల్లవాడిని అందులో కూర్చోబెట్టడం హింసే.

వాడికి నచ్చినవి సున్నం గీతలు. నేను తాడు లాగి పట్టి మార్కింగ్ వేస్తుంటే పక్కనే నడుస్తాడు. ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో, ఎటు తిరగాలో గీత చెబుతుంది, ఒకసారి చెప్పింది మళ్ళీ మార్చదు. అందుకని మా పనంతా గీతలతో మొదలుపెట్టాం. అట్టముక్క మీద మూడు బొమ్మలు గుచ్చాను: గీత మీద నడక, సంచి, టైరు. ఒకటి అయ్యాక ఆ బొమ్మ తీసి వాడి చేతికే ఇస్తాను. మూడూ అయిపోతే పీరియడు అయిపోయినట్టు. ఇది ఎప్పుడు ముగుస్తుందో ముందే తెలిస్తే వాడికి బెంగ ఉండదు.

సంచి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఎగిరొచ్చే బంతిని పట్టుకోవడం మనకి చిన్న పనిలా కనబడుతుంది. కన్ను బంతిని వెంబడించాలి, అది వచ్చేలోపే చేతులు తయారవ్వాలి, ఒళ్ళు తూలకూడదు, ఇదంతా రెప్పపాటులో జరగాలి. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి ఒంటిని ఇలా ముందుగా సిద్ధం చేసుకోవడంలోనే ఆలస్యం ఉంటుంది. పట్టుకోవాలని తెలుసు, చేతులు కదిలేసరికి బంతి గుండెకి తగిలేసి ఉంటుంది. రెండోసారి భయంతో మొహం తిప్పుకుంటారు. మొహం తిప్పుకున్నవాడు ఎలా పడతాడు? అందుకని బంతి పక్కన పెట్టి, పాత యూనిఫాం గుడ్డతో అరచేతి వెడల్పు సంచి కుట్టి అందులో సగానికి చింతగింజలు పోశాను. నిండా పోస్తే రాయిలా ఉంటుంది. సగమే ఉంటే చేతిలో పడగానే చదునుగా సర్దుకుంటుంది. ఎగరదు, దొర్లిపోదు. బరువు తెలుస్తుంది. గలగలమంటుంది.

ముందు చేతిలోంచి చేతిలోకి. తర్వాత జానెడు ఎత్తు నుంచి. తర్వాత మూరెడు దూరం నుంచి. నేను వాడికి ఎదురుగా నిలబడి చూపిస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి, అందుకని పక్కనే నిలబడి వాడు చూసే వైపే చూస్తూ చేసి చూపించాను. చెయ్యి పట్టుకోవాల్సి వస్తే మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకుంటాను. మెత్తగా తాకితే వాడికి చీమ పాకినట్టుంటుందో ఏమో, విదిలించుకుంటాడు. మాటలు తగ్గించాను. చూడు, చేతులు చాపు, వంగకు, పట్టుకో అని నాలుగు ముక్కలు ఒక్కసారే అంటే నాలుగూ పోతాయి. "ఇదిగో" అన్న ఒక్క మాట, ప్రతిసారీ అదే మాట. అన్నాక ఆగాలి. ఆ మాట వాడి లోపలికి వెళ్ళి, చేతుల దాకా వచ్చేదాకా నోరు మూసుకుని నిలబడాలి. పిల్లల్ని పరుగులెత్తించడమే పనిగా బతికినదాన్ని, నా చదువులో ఎక్కడా నేర్పని పాఠం ఆ ఆగడమే. మధ్యలో మళ్ళీ "ఇదిగో" అంటే వాడు మళ్ళీ మొదటికి వెళ్ళిపోతాడు.

సంచి చేతిలో నిలిచిన రోజు వాడు చేసింది చెబుతాను. నావైపు చూడలేదు, సంబరపడలేదు. సంచిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. చెవి దగ్గర ఆడించి గింజల చప్పుడు విన్నాడు. తర్వాత దాన్ని నాకు విసరకుండా నిటారుగా పైకి విసిరాడు, అది కింద పడింది, తీసుకుని మళ్ళీ పైకి విసిరాడు. బొమ్మ తీసేసినా ఆగలేదు. నవ్వుతూనే ఉన్నాడు. నా రిజిస్టరులో ఆ పీరియడుకి నేను రాసుకున్న లక్ష్యం వేరు: ఎదురెదురుగా విసిరి పట్టుకోవడం. వాడికి లక్ష్యమే లేదు. పైకి విసరడం, పడటం, మళ్ళీ విసరడం. రాజుకీ ఊపిరికీ తోడు శంకరులకి మూడో ఉదాహరణ కావాలంటే మా వేపచెట్టు కింద దొరికేది.

నన్ను మెచ్చుకునేవాళ్ళు ఫలాపేక్ష లేకుండా పనిచేస్తున్నారమ్మా, గీతలో చెప్పిన నిష్కామకర్మ ఇదేనమ్మా అంటుంటారు. ఆ మెచ్చుకోలు నాకు సరిపోదు. నాకు ఫలాపేక్ష ఉంది. వాడు సంచి పట్టాలి, తర్వాత బంతి పట్టాలి, జట్టులో నిలబడాలి అని కోరుకునే ఇంటికెళ్ళి గుడ్డలు కుడుతున్నాను. ఫలం మీద ఆశ వదులుకునే సాధన చేయాల్సినదాన్ని నేనే, ఇంకా చేస్తూనే ఉన్నాను. వాడు చేసేది నిష్కామకర్మ కూడా కాదు. అక్కడ వదులుకోవడానికి ఫలమంటూ మొదలే లేదు. నాది కర్మ, వాడిది లీల. ఒకే గ్రౌండులో, ఒకే సంచితో, ఇద్దరం రెండు వేరే పనులు చేస్తున్నాం. ఈ తేడా తెలియకపోతే టీచరు తన కర్మని పిల్లవాడి నెత్తిన పెడుతుంది. అప్పుడు ఆట కాస్తా చికిత్స అయిపోతుంది.

చికిత్సని నేను తక్కువ చేయను. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థలో 1984 నుంచీ ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం జరుగుతున్న పనిని తెలిసినవాళ్ళెవరూ తక్కువ చేయలేరు. కానీ ఉదయం లేచింది మొదలు పళ్ళు తోమడం, చొక్కా గుండీలు పెట్టడం, అడిగినదానికి జవాబు చెప్పడం, అన్నీ వాడికి సాధనే. ఎవరో ఒకరు మార్కులు వేస్తూనే ఉంటారు. ఆటల పీరియడు కూడా ఆ జాబితాలో చేరిస్తే వాడికి ఊరికే ఉండే చోటు ఈ భూమ్మీద ఎక్కడుంది? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 16వ సెక్షను, బడులు ఈ పిల్లలకి ఆటలకీ వినోదానికీ ఇతరులతో సమానంగా అవకాశం కల్పించాలంటుంది. బాగుపడటం కోసం అనలేదు, సమానంగా అంది. మిగతా పిల్లలు ఊరికే ఆడుతున్నప్పుడు సమానమంటే వీడూ ఊరికే ఆడాలనే కదా.

ఇక 34వ సూత్రం. దాని గురించి రాయడానికి నాకు కొంచెం ధైర్యం కావాలి.

వాడి నాయనమ్మ మంచి మనిషి. మనవడికి మాటలు రావాలని కోటప్పకొండకి మొక్కుకుంది. త్రికోటేశ్వరుణ్ణి దక్షిణామూర్తి స్వరూపమంటారు, మౌనంగా ఉపదేశించే స్వామి దగ్గర మాటల కోసం మొక్కుకోవడం ఎంతో సహజంగా తోచింది నాకు. కానీ ఆమే కోడలి ఎదురుగా, నా ఎదురుగా, "ఏ జన్మలో ఏం చేసుకున్నాడో, వాళ్ళమ్మ ఏం చేసుకుందో" అంది. ఆ కోడలు తల వంచుకుని చేతి గోళ్ళలోని మిరప ఎరుపు గీక్కుంటూ ఉండిపోయింది.

34వ సూత్రంలో కర్మ మాట నిజంగానే ఉంది. లీల అంటున్నారు సరే, అయితే ఒకడికి సుఖం, ఒకడికి దుఃఖం ఎందుకిచ్చాడు, ఈశ్వరుడికి పక్షపాతమా, దయలేదా అని తర్వాతి ప్రశ్న. లేదు, జీవుల ధర్మాధర్మాలని బట్టే ఆయన సృష్టిస్తాడు అని జవాబు. శంకరులు వానని ఉదాహరణగా చూపారు. వాన అన్ని పైర్లకీ ఒకటే, వరి వరిగానూ యవలు యవలుగానూ మొలవడానికి వాటి వాటి విత్తనాలు కారణం. ఆచార్యుల సిద్ధాంతాన్ని కాదనే చదువు నాకు లేదు, కాదనడమూ లేదు. కానీ ఆ సూత్రం ఎక్కడ, ఎందుకు వచ్చిందో చూడండి. బోనులో ఉన్నది ఈశ్వరుడు. ఆయన మీద క్రూరత్వం మోపినవాడికి సమాధానంగా వచ్చింది ఆ మాట. దాన్ని మనం ఊడబెరికి తెచ్చి పన్నెండేళ్ళ పిల్లవాడిని బోనులో నిలబెట్టడానికి వాడుతున్నాం, వాడి పక్కన వాళ్ళమ్మని కూడా. దేవుణ్ణి నింద నుంచి కాపాడటానికి చెప్పిన మాటతో తల్లిని నిందించమని ఏ సూత్రం చెప్పింది? వరి గింజని నువ్వెందుకు యవగింజవి కాలేదని రైతు తిట్టడు, దానికి కావలసిన నీళ్ళు పెడతాడు. ఆ ఉదాహరణని చివరిదాకా నడిపిస్తే చేరేది అక్కడికే అని నా నమ్మకం.

పల్లెటూరి ముసలమ్మ కాబట్టి అలా అంది అనుకునేవాళ్ళకి ఒక మాట. లియో కానర్ అనే వైద్యుడు 1943లో పదకొండుమంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజం వైద్యశాస్త్రంలోకి వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు అమెరికాలో పెద్దపెద్ద డాక్టర్లే, తల్లి మనసు మంచుగడ్డలా ఉండటంవల్ల బిడ్డ ఇలా అయ్యాడన్నారు. ఆ తల్లులకి ఫ్రిజ్ తల్లులని పేరు పెట్టారు. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ఆ ధోరణిలోనే పుస్తకం రాస్తే జనం నమ్మారు. స్వయంగా ఆటిజం ఉన్న బిడ్డకి తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే, ఇది పుట్టుకతో వచ్చే తేడా, తల్లి తప్పు కాదు అని పుస్తకం రాసి పోరాడాడు. 1977లో ఫోల్‌స్టీన్, రట్టర్ కవలపిల్లల మీద చేసిన పరిశోధన వంశపారంపర్యం పాత్రని చూపించింది. అక్కడ సైన్సు పేరుతో, ఇక్కడ కర్మ పేరుతో, వేలు చూపించింది మాత్రం తల్లినే. బిడ్డ ఎందుకిలా ఉన్నాడన్న ప్రశ్నకి జవాబు దొరక్కపోతే మనుషులకి ఊపిరాడదు, ఎవరో ఒకరు దొరకాలి. లీల అన్న మాట నాకు ఎందుకు ఆసరా అయిందంటే, అది ఎందుకు అన్న ప్రశ్ననే పక్కన పెట్టనిస్తుంది.

నాయనమ్మకి పూర్తిగా ఎదురుగా మరో రకం మనుషులున్నారు. వాళ్ళు చదువుకున్నవాళ్ళు, మంచి మనసుతోనే మాట్లాడతారు. ఇలాంటి పిల్లలు దైవాంశ సంభూతులండీ, జడభరతుడి లాంటివాళ్ళండీ అంటారు. మా తెలుగు భాగవతంలో ఐదో స్కంధం పోతన కాక గంగన రాశాడు, జడభరతుడి కథ అందులో ఉంది. నాన్నగారు అరుగు మీద చదివినవాటిలో నాకు బాగా గుర్తున్న ఘట్టం కూడా అదే. జ్ఞాని అయిన భరతుడు లోకానికి మందబుద్ధిలా, మూగవాడిలా కనబడుతూ తిరుగుతుంటాడు. సింధుసౌవీర రాజు రహూగణుడు కపిల మహర్షి దగ్గరికి పల్లకిలో వెళుతూ, బోయీ ఒకడు తక్కువై ఇతన్ని పట్టి మోయిస్తాడు. ఈయన కాలికింద జీవాలు పడకుండా బాణమంత దూరం ముందుకి చూసుకుంటూ అడుగేస్తాడు. మిగతావాళ్ళతో కదం కలవదు. పల్లకి ఎగుడుదిగుడవుతుంది. రాజు వెటకారమాడతాడు, కోప్పడతాడు. అప్పుడు జడుడు నోరు విప్పి చెప్పిన మాటలకి రాజు పల్లకి దిగి కాళ్ళ మీద పడతాడు.

ఆగస్టు 15కి మార్చ్‌పాస్ట్ నేర్పించే మనిషిని నేను. కదం తప్పినవాడి మీద అరిచే రాజు గొంతు నాకు బాగా తెలుసు. ఆ కథలో కదం తప్పడానికి కారణం ఉందని, పైనుంచి చూసేవాడికి అది కనబడదని నేను నేర్చుకున్నాను. మా వాడు లైనులోంచి పక్కకి జరిగితే ఇప్పుడు ముందు నేల చూస్తాను. కంకరరాయో, ఎండకి కాలిన సిమెంటు పలకో, పక్కవాడి మోచెయ్యి తగలడమో ఉంటుంది. అంతవరకే. వాడు మారువేషంలో ఉన్న జ్ఞాని అనడానికి మాత్రం నేను ఒప్పుకోను. పూర్వజన్మ పాపి అన్నా, పూర్వజన్మ యోగి అన్నా, వాడి ఈ జన్మని వాడి దగ్గర్నుంచి లాగేసుకున్నట్టే. జ్ఞాని అయితే వాడికి ఆట నేర్పక్కర్లేదు కదా, దణ్ణం పెట్టి పక్కన కూర్చోబెడితే చాలు. అలా కూర్చోబెట్టిన పిల్లల్ని చూశాను. వాడు నాకు ఏడో తరగతి చదివే పిల్లవాడు. చెప్పులు వేసుకోవడానికి పేచీ పెడతాడు. పక్కవాడి టిఫిన్‌లో మినపసున్ని ఉండ ఉంటే లాక్కుంటాడు.

వాడి ఆట ఏదో నేను కనిపెట్టలేదు, పిల్లలే కనిపెట్టారు. ఏడుపెంకులాట. బంతితో పెంకుల దొంతి పడగొట్టాలి, ఎదుటి జట్టు బంతితో కొట్టేలోపు మళ్ళీ పేర్చాలి. ఒకరోజు దొంతి చెల్లాచెదురైనప్పుడు వీడు గీత మీదనుంచి నేరుగా వెళ్ళి కూర్చుని, పెద్ద పెంకు అడుగున, దానికంటే చిన్నది దాని మీద, అంచులు సవరించుకుంటూ ఏడూ పేర్చేశాడు. చెయ్యి వణకలేదు. వస్తువుల్ని వరసగా అమర్చడం వాడికి చిన్నప్పటినుంచీ ఇష్టం, ఇంట్లో గిన్నెలు, బడిలో చాక్‌పీసులు. ఇదివరకు అందరూ ఆపమన్న అలవాటు అది. ఆ రోజు పిల్లలు కేకలేశారు, వాడు చెవులు మూసుకున్నాడు, అయినా లేచి పోలేదు.

జట్టులో చేర్చుకున్నారు, కానీ ఆటలో అరటిపండుగా. మన వీధుల్లో అందరికీ తెలిసిన ఆచారమే. చిన్నపిల్లలు ఏడుస్తుంటే ఆడనిస్తారు, అవుట్ చేయరు. మా పిల్లలు వాణ్ణి బంతితో కొట్టకూడదని వాళ్ళలో వాళ్ళే ఒప్పందం చేసుకున్నారు. వాళ్ళ మనసుకి నేను సంతోషించాను. అయితే కొద్దిరోజులకే ఎదుటి జట్టు నా దగ్గరికి ఫిర్యాదుకి వచ్చింది. "మేడం, వాణ్ణి కొట్టగూడదంటే ఎట్టా? వాడు కూర్చుని తీరిగ్గా పేర్చేస్తాడు. ఆ జట్టే ఎప్పుడూ గెలుస్తంది." వాళ్ళు న్యాయం మాట్లాడారు. తోటి టీచర్లు కొందరు, పోనీలెండి, పాపం వాడు అన్నారు. నాకు మాత్రం ఆ పాపం అన్న మాట నచ్చలేదు. అవుట్ కాని ఆటగాడు ఆటలో ఉన్నట్టా? శంకరులు చెప్పిన రాజు కూడా, గెలిచినా ఓడినా పోయేదేమీ లేకపోయినా, ఆడేటప్పుడు ఆట నియమం ప్రకారమే ఆడి ఉంటాడని నా ఊహ. దయతలచి ఓటమి నుంచి తప్పించినవాణ్ణి లీల నుంచి కూడా తప్పించినట్టే.

అందుకని నియమం మార్చాం, అందరికీ ఒకేలా. రబ్బరు బంతి తీసేసి గుడ్డ బంతి చేశాం. నడుం పైన, వీపు మీద తగిలితేనే అవుట్. వెనకనుంచి విసిరేవాడు ముందు తను కొట్టబోయేవాడి పేరు పిలిచి విసరాలి, ఎవరినైనా సరే. వాడితో విడిగా కూర్చుని గుడ్డ బంతి వీపుకి మెల్లగా తగిలించడం, తగలగానే అవుట్ బొమ్మ చేతికివ్వడం, వెళ్ళి వేపచెట్టు చప్టా మీద కూర్చోవడం, చాలాకాలం అభ్యాసం చేయించాను. వాళ్ళమ్మకి ముందే చెప్పాను. ఆమె "కొట్టించుకోడానికా మేడం నేర్పేది?" అని బాధపడింది. "అందరితో పాటమ్మా" అన్నాను. ఆమె ఒప్పుకుందని చెప్పలేను, వద్దని మాత్రం అనలేదు.

ఆటలో మొదటిసారి బంతి తగిలినప్పుడు నాలుగో పెంకు వాడి చేతిలో ఉంది. తన చెయ్యి తనే కొరుక్కున్నాడు, గట్టిగా అరిచాడు. విసిరిన పిల్లవాడు భయపడి, "లేదులే మేడం, తగల్లేదు" అన్నాడు. తగిలింది, అందరం చూశాం. నేను అవుట్ బొమ్మ చూపించాను. చెప్పాను కదా, ఆగాలి. ఆగాను. మొత్తం పిల్లలంతా ఆగారు, ఒక్కరూ మాట్లాడలేదు. వాడు పెంకుని కింద పెట్టకుండా దానితోపాటే వెళ్ళి చప్టా మీద కూర్చున్నాడు. "ఆరో తరగతి విద్యార్థులు లైనులో నిలబడాలి" అని నా గొంతుతో అంటూ ఊగుతూ ఉన్నాడు. పెంకు లేక ఆట నిలిచిపోయింది. ఎవరూ వెళ్ళి లాక్కోలేదు. కాసేపటికి వాడే తెచ్చి గీత మీద పెట్టి మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు.

వాళ్ళమ్మ అడిగిన ప్రశ్నకి నేను ఇచ్చిన జవాబు ఇక్కడ రాయాలి. మాటలొస్తాయని నేను చెప్పలేను, రావనీ చెప్పలేను, మాటల కోసం భవిత టీచరు పనిచేస్తూనే ఉంది, నా దగ్గర వాడు ఆడుకుంటాడు అన్నాను. ఆమె ఇప్పటికీ మధ్యమధ్య ఏదైనా తేడా కనబడిందా అని అడుగుతుంది. అడగనీయండి, తల్లి కదా. ఈమధ్య మాత్రం వేరే ప్రశ్న కూడా అడుగుతోంది: ఇవాళ వాడి జట్టు గెలిచిందా అని.

గెలవడం ఇదివరకంత సులువు కాదు. మా బడిలో వాడంత వేగంగా పెంకులు పేర్చేవాడు లేడని అందరికీ తెలిసిపోయింది, అందుకని బంతి చేతికి రాగానే ఎదుటి జట్టు మొదట పిలిచేది వాడి పేరే.